హైదరాబాద్ నుంచి డల్లాస్ ఎంత దూరం, ఎన్ని గంటలు? లెక్క చెప్పే సైట్లలో దేన్ని ఎంతవరకు నమ్మొచ్చు

హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి విమానంలో ఎన్ని గంటలు అని నెట్‌లో వెతికితే ఒక సైటు పదహారున్నర అంటుంది. ఇంకోటి పద్దెనిమిదిన్నర అంటుంది. టికెట్లు చూపించే సైటు ఇరవై మూడు అంటుంది. మూడూ తప్పు కాదు, కాకపోతే మూడూ ఒకే ప్రశ్నకి జవాబులు కావు. మొదటిది విమానం ఎక్కడా ఆగకుండా పోతే పట్టే సమయం. అలాంటి విమానం ఈ రెండు ఊళ్ల మధ్య లేదు. రెండోది గంటకి 500 మైళ్ల వేగం అని ముందే అనుకుని చేసిన భాగహారం. మూడోది మధ్యలో దుబాయ్‌లోనో దోహాలోనో లండన్‌లోనో కూర్చునే గంటలు కూడా కలిపిన మొత్తం. అమ్మానాన్నలకి టికెట్ తీసేవాళ్లకి పనికొచ్చేది మూడోదే. మిగతా రెండూ ఎక్కడ పనికొస్తాయో, ఎక్కడ ముంచుతాయో తెలిస్తే చాలు.

ఇక్కడ చూస్తున్నవి గ్రేట్ సర్కిల్ మ్యాపర్, గూగుల్ ఫ్లైట్స్, ఫ్లైట్‌రాడార్24, ఫ్లైట్‌అవేర్. వీటితోపాటు సెర్చ్‌లో ముందు వరసలో కనిపించే సాదాసీదా దూరం క్యాలిక్యులేటర్లు. అవి డజన్ల కొద్దీ ఉన్నాయి, పేర్లు వేరైనా లోపల లెక్క దాదాపు ఒకటే, కాబట్టి పేర్లతో పనిలేదు. అన్నిటికీ ఒకే పరీక్ష: శంషాబాద్ నుంచి డల్లాస్ ఫోర్ట్‌వర్త్.

దూరం సంగతి

దూరం విషయంలో గ్రేట్ సర్కిల్ మ్యాపర్‌ని మించింది లేదు. కార్ల్ స్వార్ట్జ్ అనే ఆయన 1996 నుంచి నడుపుతున్న సైటు ఇది. చూడటానికి ఆ కాలం దానిలాగే ఉంటుంది. ఫోన్‌లో వాడటం కాస్త చిరాకే, కంప్యూటర్‌లో తెరవడం మేలు. ఖాతా అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. పెట్టెలో రెండు విమానాశ్రయాల మూడక్షరాల కోడ్‌లు ఇంగ్లిష్‌లో టైప్ చేసి మధ్యలో హైఫన్ పెడితే మ్యాపు మీద గీత, కింద పట్టీలో దూరం, బయలుదేరే దిశ వస్తాయి. శంషాబాద్ కోడ్ హెచ్‌వైడీ, డల్లాస్‌ది డీఎఫ్‌డబ్ల్యూ. దూరం సుమారు 14,435 కిలోమీటర్లు. అంటే 8,970 మైళ్లు, నాటికల్ మైళ్లలో 7,794.

మధ్యలో ఆగే ప్రయాణమైతే మూడు కోడ్‌లు వరసగా హైఫన్లతో ఇవ్వాలి. కామా పెడితే రెండో మార్గం అదే మ్యాపు మీద వస్తుంది. దుబాయ్ మీదుగా ఒకటి, లండన్ హీత్రో మీదుగా ఒకటి పక్కపక్కన గీసి చూస్తే మామూలుగా ఎవరూ ఊహించని సంగతి బయటపడుతుంది. హైదరాబాద్–దుబాయ్ 2,550, దుబాయ్–డల్లాస్ 12,940, మొత్తం దాదాపు 15,490 కిలోమీటర్లు. హైదరాబాద్–లండన్ 7,750, లండన్–డల్లాస్ 7,640, మొత్తం 15,390. నేరు దూరంతో పోలిస్తే రెండూ వెయ్యి కిలోమీటర్ల చొప్పున ఎక్కువ, ఒకదానితో ఒకటి పోలిస్తే తేడా వంద కిలోమీటర్లే. "దుబాయ్ వెళ్తే వెనక్కి తిరిగి పోయినట్టు కదా" అనేవాళ్లకి ఈ రెండు అంకెలు చూపిస్తే సరిపోతుంది. కాబట్టి ఈ ప్రయాణంలో ఏ ఊరి మీదుగా వెళ్లాలన్నది దూరాన్ని బట్టి తేల్చుకునే విషయం కాదు. అక్కడ ఎన్ని గంటలు ఆగాలి, ఏ టెర్మినల్ నుంచి ఏ టెర్మినల్‌కి మారాలి అన్నదే అసలు లెక్క.

గోడ మీద వేలాడే మ్యాపు చూసి అంచనా వేసేవాళ్లు ఇక్కడ దెబ్బతింటారు. ఆ మ్యాపు మీద స్కేలు పెట్టి హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి గీత గీస్తే అరేబియా, సహారా, అట్లాంటిక్ మీదుగా పోతుంది. ఆ దారి పొడవు 17,600 కిలోమీటర్ల పైచిలుకు. భూమి గుండ్రం కాబట్టి అసలు దగ్గరి దారి (గ్రేట్ సర్కిల్ అనేది దీన్నే) ఉత్తరానికి పోతుంది. గ్లోబు ఉంటే రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకుంటే అదే చూపిస్తుంది. మ్యాపర్ చెప్పే బయలుదేరే దిశ 355 డిగ్రీలు, అంటే దాదాపు నిటారుగా ఉత్తరం. దారి ఉత్తర ధ్రువానికి 500 కిలోమీటర్ల చేరువ దాకా వెళ్లి, కెనడా ఉత్తర దీవుల మీదుగా హడ్సన్ బే పక్కకి దిగి, మిన్నెసోటా మీదుగా టెక్సాస్ చేరుతుంది.

మామూలు క్యాలిక్యులేటర్లు కూడా దూరం దాదాపు సరిగ్గానే చెప్తాయి. చాలావాటిలో భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధం ఉన్న గోళం అనుకుని లెక్క కడతారు. భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉంటుంది కాబట్టి మన మార్గంలో పదిహేను కిలోమీటర్ల చిల్లర తేడా వస్తుంది. 14,420 అన్నా 14,435 అన్నా టికెట్ కొనేవాళ్లకి ఒకటే. తేడా అంతకన్నా ఎక్కువుంటే అది లెక్క తప్పు కాదు, ఎక్కించిన ఊరు తప్పు.

ఊరి తప్పులు ఎలా వస్తాయంటే: పేరు టైప్ చేస్తే హైదరాబాద్ రెండు ఉన్నాయి, ఒకటి మనది, ఒకటి పాకిస్తాన్ సింధ్‌లోది. దాని కోడ్ హెచ్‌డీడీ. జాబితాలో పైన కనబడింది నొక్కేస్తే అయిపోయింది. మన ఊళ్లోనే ఇంకో చిక్కు: 2008 మార్చి 23న శంషాబాద్ తెరిచాక హెచ్‌వైడీ కోడ్ అక్కడికి మారింది, బేగంపేటకి బీపీఎం వచ్చింది. పాత డేటాతో నడిచే సైట్లలో హెచ్‌వైడీ పక్కన ఇప్పటికీ బేగంపేట అక్షాంశ రేఖాంశాలు ఉండొచ్చు, తేడా పాతిక కిలోమీటర్లలోపే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. డల్లాస్‌లో డీఎఫ్‌డబ్ల్యూ వేరు, లవ్ ఫీల్డ్ వేరు. షికాగోలో ఓహేర్ వేరు, మిడ్‌వే వేరు. శాన్ హోసే అంటే కాలిఫోర్నియాదా, కోస్టారికాదా చూసుకోవాలి. అందుకే పేరుతో కాదు, ఎప్పుడూ కోడ్‌తోనే వెతకాలి.

మైలు అన్న మాట దగ్గర కూడా ఆగి చూడాలి. మామూలు మైలు 1.609 కిలోమీటర్లు, నాటికల్ మైలు 1.852. విమానాల పరిధి నాటికల్ మైళ్లలో చెప్తారు, ఫ్రీక్వెంట్ ఫ్లయర్ పాయింట్లు (తరచూ ఎగిరేవాళ్లకి విమాన సంస్థలిచ్చేవి) మామూలు మైళ్లలో లెక్కిస్తారు. బోయింగ్ 787-9 పరిధి 7,565 అని చదివి, డల్లాస్ 8,970 మైళ్లు అని పక్కన పెట్టి "పధ్నాలుగు వందలు తక్కువ" అనుకోవడం తప్పు. ఒకటి నాటికల్, ఒకటి మామూలు. నిజమైన లోటు 230 నాటికల్ మైళ్లు. అయినా అది కంపెనీ కాగితం మీద చెప్పిన గరిష్ఠ పరిధి. ఎదురుగాలి, అదనపు ఇంధనం, ఎండాకాలంలో 617 మీటర్ల ఎత్తున ఉన్న శంషాబాద్ రన్‌వే మీద తగ్గించాల్సిన బరువు కలిపితే ఆ విమానం దరిదాపుల్లోకి రాదు. 777-200ఎల్ఆర్ పరిధి 8,555 నాటికల్ మైళ్లు. 2021 జనవరిలో ఎయిరిండియా హైదరాబాద్–షికాగో మధ్య ఆగకుండా నడిపింది ఆ విమానాన్నే. ఆ దూరం 13,300 కిలోమీటర్లు. ఆ సర్వీసు ఎక్కువకాలం నిలవలేదు.

ఏ సైటు లెక్కనైనా తిప్పికొట్టడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. భూమి మీద ఏ రెండు చోట్ల మధ్యయినా దగ్గరి దారి 20,000 కిలోమీటర్లకి మించదు, అది భూమి చుట్టుకొలతలో సగం. అంతకన్నా ఎక్కువ చూపిస్తే ఆ సైటు ఆగే ఊళ్లు కలిపి చెప్తోందన్నమాట, లేదా లెక్కే తప్పన్నమాట. ఇప్పుడు టైంటేబుల్ ప్రకారం ఎక్కడా ఆగకుండా నడుస్తున్న అతి పొడవాటి ప్రయాణం సింగపూర్–న్యూయార్క్ జేఎఫ్‌కే, 15,349 కిలోమీటర్లు.

మ్యాపర్‌కి తెలియనివి

గీత బాగుంది కదా అని విమానం దాని మీదే పోతుందనుకోకూడదు. హైదరాబాద్–డల్లాస్ గీతని దగ్గరగా పెద్దది చేసి చూస్తే ఢిల్లీని ఆనుకుని హర్యానా, హిమాచల్ వైపు సాగి, కారకోరం పర్వతాల్లో కే2 శిఖరం పక్కగానే పోతుంది. శిఖరం ఎత్తు 8,611 మీటర్లు, విమానం దానికన్నా పైనే ఎగురుతుంది, మరి ఇబ్బందేంటి? క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పోతే పైలట్ వెంటనే 10,000 అడుగులకి దిగాలి. సీట్ల పైనుంచి ఊడిపడే మాస్కుల్లో ఆక్సిజన్ సాధారణంగా పావుగంట చుట్టూ మాత్రమే వస్తుంది. కింద వందల కిలోమీటర్ల మేర ఆరేడువేల మీటర్ల కొండలుంటే దిగే చోటుండదు. అందుకే ఈ ప్రాంతాన్ని, టిబెట్ పీఠభూమిని చాలా విమానాలు చుట్టి పోతాయి. ముందే నిర్ణయించిన తప్పుకునే దారులు, అదనపు ఆక్సిజన్ ఉన్న విమానాలకే ఆ మార్గాలు వీలవుతాయి.

తర్వాత గగనతలం గొడవలు. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమాన సంస్థలకి మూసేసింది. ఆ తర్వాత ఎయిరిండియా ఢిల్లీ నుంచి ఉత్తర అమెరికా వెళ్లే కొన్ని విమానాలు వియన్నాలో దిగి ఇంధనం నింపుకుని పోవాల్సి వచ్చింది. 2022 నుంచి రష్యా మీదుగా అమెరికన్, యూరప్ సంస్థలు వెళ్లడం లేదు. ఆ దెబ్బకే యునైటెడ్ వాళ్ల ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో ఆగింది, అమెరికన్ ఎయిర్‌లైన్స్ ప్రకటించిన సియాటిల్–బెంగళూరు మొదలే కాలేదు. 2025 జూన్ 23న ఖతర్ తన గగనతలాన్ని కొన్ని గంటలు మూసినప్పుడు దోహా మీదుగా వెళ్లేవాళ్లు ఎక్కడికక్కడ నిలిచిపోయారు. ఇవేవీ దూరం సైట్లలో ఉండవు. అంటే రెండు ఊళ్ల మధ్య గీత ఒకటే, కానీ ఏ సంస్థ విమానం ఎక్కారన్న దాన్ని బట్టి అసలు దారి మారుతుంది. ఇది మ్యాపర్ లోపం కాదు, అది చేస్తానన్న పని కాదు కూడా. తన కింద ఉన్న గీతని విమాన మార్గంగా అమ్ముకునే క్యాలిక్యులేటర్లది మాత్రం లోపమే.

నిజంగా ఎంత దూరం ఎగిరిందో కావాలంటే ఫ్లైట్‌అవేర్ చూడాలి. ఒక విమానం పేజీలో నేరు దూరం, ముందు వేసుకున్న ప్లాన్ దూరం, ఎగిరిన దూరం విడివిడిగా కనిపిస్తాయి. మామూలు రోజుల్లో ప్లాన్ దూరం గీత కన్నా రెండు మూడు శాతం ఎక్కువుండటం సహజం. ఐదు శాతం దాటితే ఎక్కడో గగనతలం చుట్టుపోతున్నారని అర్థం.

సమయం దగ్గరే అసలు తంటా

మామూలు క్యాలిక్యులేటర్లలో సమయం వచ్చే పద్ధతి ఇది: దూరాన్ని గంటకి 500 మైళ్లతో, అంటే 805 కిలోమీటర్లతో భాగించి, ఎక్కడానికి దిగడానికి అరగంట కలుపుతారు. ఈ పద్ధతి దగ్గరి ప్రయాణాలకి బానే పనిచేస్తుంది. హైదరాబాద్–విశాఖ 510 కిలోమీటర్లు, లెక్క 1 గంట 8 నిమిషాలు, టైంటేబుల్‌లో కూడా గంటా పది, గంటంబావు అలాగే ఉంటుంది. హైదరాబాద్–ఢిల్లీ 1,260 కిలోమీటర్లు, లెక్క 2 గంటల 4 నిమిషాలు, టైంటేబుల్‌లో పది పదిహేను నిమిషాలు ఎక్కువ. దగ్గరి ప్రయాణాల్లో విమానం ఎక్కువసేపు ఎక్కడంలోనో దిగడంలోనో ఉంటుంది కాబట్టి సగటు వేగం తక్కువ, 805 సరిపోతుంది. దూర ప్రయాణానికి అదే అంకె వాడితే తేడా పేరుకుపోతుంది. 777, 787, ఏ350 లాంటి విమానాలు ధ్వని వేగంలో 0.84, 0.85 వంతున ఎగురుతాయి. 36,000 అడుగుల దగ్గర అది గంటకి 900 కిలోమీటర్ల చుట్టూ. 14,435ని 805తో భాగించి అరగంట కలిపితే దాదాపు పద్దెనిమిదిన్నర గంటలు, 900తో భాగించి అరగంట కలిపితే పదహారున్నర. మొదట చెప్పిన రెండు అంకెలూ ఇక్కడినుంచి వచ్చినవే. విమానం లేని మార్గానికి కూడా నిమిషాలతో సహా జవాబు ఇచ్చేస్తాయి ఈ సైట్లు, అదే చికాకు.

ఇంకా పెద్ద తప్పు ఒకటుంది: వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒకే సమయం చూపిస్తాయి. పడమటి నుంచి తూర్పుకి వీచే జెట్ గాలుల వల్ల ఇండియా నుంచి అమెరికా వెళ్లే పక్క ఎక్కువ పడుతుంది, తిరుగు పక్క తక్కువ. దుబాయ్–డల్లాస్ టైంటేబుల్‌లో 16 గంటల పైన, డల్లాస్–దుబాయ్ 14న్నర చుట్టూ. ఒకే రెండు విమానాశ్రయాలు, ఒకే రకం విమానం, తేడా గంటన్నర. క్యాలిక్యులేటర్ రెండు వైపులా 16 గంటల 34 నిమిషాలు అంటుంది. వెళ్లేటప్పుడు కొంచెం దగ్గరగా ఉంది, వచ్చేటప్పుడు రెండు గంటలు తప్పు. ఈ గాలులు చలికాలంలో బలంగా ఉంటాయి, అందుకే డిసెంబర్, జనవరిలో పడమటి వైపు ప్రయాణం ఇంకా సాగుతుంది.

చేత్తో లెక్క కట్టుకోవాలంటే ఈ సూత్రం మేలు. పడమటికి వెళ్లేటప్పుడు దూరాన్ని 850తో, తూర్పుకి వచ్చేటప్పుడు 930తో భాగించి, రెండిటికీ ముప్పావుగంట కలపండి. దుబాయ్–డల్లాస్ వెళ్లడానికి 12,940ని 850తో భాగిస్తే 15 గంటల 13 నిమిషాలు, 45 కలిపితే దాదాపు 16. రావడానికి 930తో భాగిస్తే 13 గంటల 55 నిమిషాలు, కలిపితే 14 గంటల 40. హైదరాబాద్–లండన్‌కి ఇదే లెక్క వేస్తే వెళ్లడం 9 గంటల 52 నిమిషాలు, రావడం 9 గంటల 5 నిమిషాలు వస్తుంది. టైంటేబుల్‌లో దీనికి పావుగంట, అరగంట ఎక్కువ ఉంటుంది. హీత్రోలో గాల్లో చక్కర్లు కొట్టించే సమయాన్ని ముందే కలిపేస్తారు. ఉత్తర దక్షిణాలుగా పోయే మార్గాలకి ఈ సూత్రం వద్దు, అక్కడ రెండు వైపులా 890 పెట్టుకుంటే చాలు. ధ్రువం మీదుగా పోయే ఆగని విమానాలకీ ఇది అంత బాగా పనిచేయదు, ఏ రోజు ఏ దారిన పోతారో గాలుల్ని చూసి నిర్ణయిస్తారు. బెంగళూరు–శాన్‌ఫ్రాన్సిస్కో దూరం దాదాపు 14,000 కిలోమీటర్లు. ఆ మార్గంలో ఎయిరిండియా విమానాలు వెళ్లేటప్పుడు తోడుగాలి కోసం పసిఫిక్ వైపు నుంచి పోయింది అందుకే.

ముప్పావుగంట ఎందుకో కూడా తెలియాలి. టికెట్ మీద ఉన్న సమయం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి గేటు దగ్గర ఆగేదాకా. గాల్లో ఉన్న సమయం అంతకన్నా తక్కువ. డీఎఫ్‌డబ్ల్యూ లాంటి పెద్ద విమానాశ్రయంలో నేల మీద నడవడానికే పావుగంట, ఇరవై నిమిషాలు పోతుంది. దిగిన తర్వాత గేటు ఖాళీ లేక ఆగితే ఇంకా ఎక్కువ. ఇది తెలియక "పైలట్ పదిహేను గంటల ఇరవై నిమిషాలన్నాడు, టికెట్‌లో పదహారు ఉంది" అని తికమక పడుతుంటారు. పైలట్ చెప్పేది గాల్లో సమయం.

గూగుల్ ఫ్లైట్స్

సమయం కోసం వెళ్లాల్సింది ఇక్కడికే. ఇది లెక్క కట్టదు, విమాన సంస్థల టైంటేబుల్ చూపిస్తుంది. అందుకే నమ్మొచ్చు. ఊళ్లు, తేదీ ఇచ్చాక వచ్చే జాబితాలో పక్కన కనిపించేది మొత్తం సమయం, లేఓవర్‌తో, అంటే మధ్యలో ఆగే సమయంతో కలిపి. దాని మీద నొక్కితే ఒక్కో విమానం ఎంతసేపు, మధ్యలో ఎంతసేపు ఆగాలి, విమానం ఏ రకం, ఒక్కోసారి ఆ విమానం తరచూ ఆలస్యమవుతుందన్న హెచ్చరిక కూడా కనిపిస్తాయి. మధ్యలో విమానాశ్రయమే మారాల్సి వస్తే ఆ మాటా చెప్తుంది. సమయం ప్రకారం వరసలో పెట్టుకునే వీలుంది. దూరం మాత్రం చెప్పదు.

హైదరాబాద్–డల్లాస్ ఒక స్టాప్‌తో మంచి టికెట్ మొత్తం 22 నుంచి 25 గంటల మధ్య ఉంటుంది. 30 దాటితే మధ్యలో ఎక్కడో రాత్రి గడపాల్సి వస్తుంది. 21 చూపిస్తే సంతోషించే ముందు లేఓవర్ ఎంతో చూడండి. గంటన్నర లేఓవర్ అన్నది టికెట్ మీద చెల్లుబాటవుతుంది, వీల్‌చెయిర్ అడిగిన పెద్దవాళ్లకి చెల్లదు. వీల్‌చెయిర్ వాళ్లని విమానంలోంచి చివరగా దింపుతారు, పక్క టెర్మినల్‌కి తీసుకెళ్లడానికి మనిషి దొరికేదాకా ఆగాలి. వాళ్లకి రెండున్నర గంటల కన్నా తక్కువ లేఓవర్ తీయొద్దు, మూడు నాలుగు గంటలైతే నిశ్చింత. అబుదాబి మీదుగా అమెరికా వెళ్తే ఇమిగ్రేషన్ అబుదాబిలోనే అయిపోతుంది. 2014 నుంచి అమెరికా కస్టమ్స్ వాళ్లు అక్కడే కూర్చుంటున్నారు. కాబట్టి అక్కడ ఇంకో గంట కలుపుకోవాలి. బదులుగా అమెరికాలో దిగాక దేశీయ విమానంలో వచ్చినట్టు నేరుగా బయటికి నడిచిపోవచ్చు. ఎంత సమయం ఎక్కడ ఆదా అయిందో ఏ సైటూ లెక్క చెప్పదు.

జాబితాలో అన్నిటికన్నా తక్కువ ధర ఉన్నది వేర్వేరు టికెట్లు కలిపిన ప్రయాణం కావొచ్చు. చిన్న అక్షరాల్లో ఆ మాట ఉంటుంది. అప్పుడు మొదటి విమానం ఆలస్యమైతే రెండోదానికి ఎవరూ బాధ్యులు కారు. సామాను మధ్యలో తీసుకుని మళ్లీ ఇవ్వాలి, దానికి ఆ దేశపు వీసా కావాల్సి రావొచ్చు. పెద్దవాళ్లని ఒంటరిగా పంపేటప్పుడు అలాంటి టికెట్ వంక చూడకండి.

గడియారం లెక్క

రెండు ఊళ్ల టైములు తీసివేసి గంటలు తేల్చే సైట్లు కొన్ని ఉన్నాయి, వాటితో జాగ్రత్త. డల్లాస్‌లో సోమవారం మధ్యాహ్నం 12కి బయలుదేరి హైదరాబాద్‌లో మంగళవారం రాత్రి 9కి దిగారనుకోండి. గడియారాల తేడా 33 గంటలు. వేసవిలో డల్లాస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక, కాబట్టి అసలు ప్రయాణం 22న్నర. అవే టైములు చలికాలంలో అయితే తేడా పదకొండున్నర, ప్రయాణం 21న్నర. వెళ్లేటప్పుడు ఇదే తేడాని తీసేయకుండా కలపాలి.

అమెరికాలో గడియారం మార్చి రెండో ఆదివారం ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి జరుగుతుంది. బ్రిటన్, యూరప్‌లలో మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం. మధ్యలో వచ్చే రోజుల్లో, అంటే మార్చిలో రెండు మూడు వారాలు, అక్టోబర్ చివర ఒక వారం, లండన్–డల్లాస్ తేడా ఆరు గంటలు కాదు, ఐదు. 2026 మార్చిలో అది 8 నుంచి 29 దాకా. ఆ వారాల్లో లేఓవర్ ఒక గంట పెరగడమో తగ్గడమో జరుగుతుంటుంది. టికెట్ ఆరు నెలల ముందు కొని ఉంటే ఫిబ్రవరిలో ఇంకోసారి తెరిచి చూడటం మంచిది. దుబాయ్, దోహాలకి ఈ గొడవ లేదు, మనకీ లేదు.

దూరం ఎప్పుడు డబ్బవుతుంది

ఎన్ని కిలోమీటర్లన్నది ఊరికే కుతూహలం కాదు, రెండు చోట్ల దానికి విలువ ఉంది. ఒకటి ఫ్రీక్వెంట్ ఫ్లయర్ మైళ్లు. ఇప్పుడు చాలా సంస్థలు టికెట్ ధర మీద ఇస్తున్నా, భాగస్వామి సంస్థల విమానాల్లో దూరం మీదే ఇచ్చేవి ఉన్నాయి. అక్కడ లెక్కించేది హైదరాబాద్–డల్లాస్ నేరు దూరం కాదు, ఎక్కిన ఒక్కో విమానం దూరం. కాబట్టి మ్యాపర్‌లో మధ్య ఊరితో కలిపి ఇవ్వాలి.

రెండోది యూరప్ పరిహారం నియమం, 261/2004. ఫ్రాంక్‌ఫర్ట్‌లో బయలుదేరే విమానం సంస్థ తప్పు వల్ల బాగా ఆలస్యమైతే పరిహారం దూరాన్ని బట్టి ఉంటుంది. 1,500 కిలోమీటర్ల లోపు 250 యూరోలు, 3,500 దాటితే 600 దాకా. ఆ దూరాన్ని కొలిచేది గ్రేట్ సర్కిల్ పద్ధతిలోనే, మొదటి ఊరు నుంచి టికెట్‌లోని చివరి ఊరు దాకా నేరుగా. ఫ్రాంక్‌ఫర్ట్–హైదరాబాద్ 7,100 కిలోమీటర్ల పైనే, అంటే పై మెట్టు. ఇక్కడ మధ్య ఊరిని కలపకూడదు. మైళ్లకి కలపాలి, పరిహారానికి కలపకూడదు. ఈ తేడా తెలియక దరఖాస్తులో ఎక్కువ దూరం వేసి తిప్పలు పడేవాళ్లున్నారు.

ఫ్లైట్‌రాడార్24

టైంటేబుల్ మాట అటుంచి, నిజంగా ఎంతసేపు పడుతోందో తెలుసుకోవడానికి ఇది. విమానం నంబర్‌తో వెతికితే వెనకటి రోజుల పట్టీ వస్తుంది: తేదీ, విమానం రకం, గాల్లో సమయం, అనుకున్న టైము, అసలు బయలుదేరిన టైము, దిగిన టైము. ఉచితంగా ఏడు రోజులు కనిపిస్తుంది, ఎక్కువ కావాలంటే డబ్బు కట్టాలి. ఏడింటిలో బాగా ఎక్కువ, బాగా తక్కువ వదిలేసి మధ్యవి చూసి, నేల మీద సమయానికి అరగంట కలిపితే మీకు పట్టేది తెలిసిపోతుంది.

ఒక మెలిక ఉంది. టికెట్ మీద ఒక సంస్థ పేరు, నడిపేది ఇంకో సంస్థ అయితే టికెట్ నంబర్‌తో వెతికినప్పుడు ఏమీ రాకపోవచ్చు. టికెట్‌లో ఎవరు నడుపుతున్నారో రాసిన చోట ఉన్న అసలు నంబర్ ఇవ్వాలి. ఇంకొకటి: ధ్రువ ప్రాంతం, సముద్రాల మీద విమానం సిగ్నల్ అందుకునే కేంద్రాలు తక్కువ. అక్కడ కనిపించే గీత చాలాసార్లు అంచనాగా కలిపిందే. అమ్మ ఎక్కిన విమానం గ్రీన్‌లాండ్ దగ్గర మాయమైందని కంగారు పడనక్కర్లేదు, కెనడా తీరానికి వచ్చేసరికి మళ్లీ కనిపిస్తుంది. ఈ ఒక్క పని కోసం డబ్బు కట్టక్కర్లేదు, ప్రయాణానికి వారం ముందు తెరిస్తే ఉచితంగా వచ్చే ఏడు రోజులే సరిపోతాయి.